పన్నెండుకు పది, పదమూడుకు పదిహేను

టికెట్ పన్నెండు రూపాయలు. ప్రయాణికుడు ఇరవై నోటు ఇచ్చాడు. కండక్టరు సంచిలో చెయ్యిపెట్టి ఒకసారి కలియదిప్పి, టికెట్ వెనక పెన్నుతో 8 అని రాసి చేతిలో పెట్టాడు. "చిల్లర లేదన్నా, దిగేటప్పుడు తీస్కో." ఇక అక్కణ్నుంచి ప్రయాణమంతా ఆ ఎనిమిది మీదే ధ్యాస. కిటికీ పక్క సీటు దొరికినా చెరువు కనబడదు, చేను కనబడదు. స్టేజీ వచ్చాక మూటాముల్లె దించుకునే హడావిడిలో అడగడం మరిచిపోతే ఆ బాకీ అక్కడితో చెల్లు.

2022 మార్చిలో తెలంగాణ ఆర్టీసీ ఈ పేచీకి ఒక విరుగుడు వేసింది. పల్లెవెలుగు చార్జీలను ఐదు రూపాయల లెక్కకు సర్దింది. 12 రూపాయల టికెట్ 10కి దిగింది. 13, 14 రూపాయల టికెట్లు 15కి ఎక్కాయి. వాడుకలో దీన్ని 'రౌండ్ ఫిగర్ చేయడం' అంటాం. బడిలో లెక్కల పుస్తకం 'సవరించడం' అంటుంది. మనం ఒక సంఖ్యను ఎంచుకుంటాం, ఇక్కడ అది ఐదు. చేతిలో ఉన్న ఏ సంఖ్యనైనా ఆ ఐదు గుణిజాల్లో దగ్గరిదానికి జరుపుతాం. అంతే.

స్ప్రెడ్‌షీట్‌లో ఈ పనికి ఒక్క ఫార్ములా చాలు. ఎంత పెద్ద చార్జీల పట్టికనైనా రెప్పపాటులో మార్చేస్తుంది. అంత తేలిక కాబట్టే ఒక సంగతి కంటికి ఆనదు. పన్నెండును పది చేసినప్పుడు రెండు రూపాయలు ప్రయాణికుడి జేబులో మిగిలాయి. పదమూడును పదిహేను చేసినప్పుడు రెండు రూపాయలు సంస్థ సంచిలో పడ్డాయి. అసలు మీద అటో ఇటో జరిగే ఇలాంటి ముక్కకు మన అంగళ్లలో ఎప్పటినుంచో ఒక పేరుంది: కొసరు. కొట్టులో కొసరు వేయడమో మానడమో కొనేవాడి కళ్లముందే జరిగేది. ఇప్పుడా పని ఫార్ములా చేస్తోంది. ఎవరికి వేస్తోందో, ఎవరి దగ్గర కోస్తోందో తెలియాలంటే దాన్ని విప్పి చూడాలి.

భాగించు, సర్దు, గుణించు

ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రె ఆఫీస్ మూడింటిలోనూ ఈ ఫార్ములా పేరు ఎంరౌండ్. ముందున్న 'ఎం' మల్టిపుల్‌కు, అంటే గుణిజానికి పొడి అక్షరం. ఏ2 గడిలో చార్జీ ఉంటే పక్క గడిలో =ఎంరౌండ్(ఏ2, 5) అని రాస్తాం. కామాకు ముందున్నది మన సంఖ్య, తర్వాతది మనం ఎంచుకున్న మెట్టు. మెట్టు అనడం ఎందుకంటే ఐదు గుణిజాలన్నీ ఒక మేడమెట్ల వరసలా ఉంటాయి: 5, 10, 15, 20. పన్నెండు రెండు మెట్ల మధ్య గాలిలో ఉంది. కాలు ఏదో ఒక మెట్టు మీద పెట్టాలి.

లోపల జరిగే పని చాలా మామూలుది. 67 రూపాయల చార్జీని ఐదుతో భాగిస్తే 13.4. దగ్గరి పూర్ణసంఖ్య 13. దాన్ని మళ్లీ ఐదుతో గుణిస్తే 65. అదే 68 అయితే భాగఫలం 13.6, దగ్గరి పూర్ణసంఖ్య 14, జవాబు 70. ఎంరౌండ్ పేరు గుర్తు లేకపోయినా =రౌండ్(ఏ2/5, 0)*5 అని రాసుకుంటే ఇదే జవాబు వస్తుంది. 2007 కూర్పుకు ముందు ఎక్సెల్‌లో ఎంరౌండ్ కావాలంటే ఒక అదనపు ఉపకరణాల మూటను విడిగా తగిలించుకోవాల్సి వచ్చేది. ఆ రోజుల్లో భాగించి గుణించే దారే సులువు.

మామూలు రౌండ్ ఉండగా ఇంకొకటి ఎందుకు? రౌండ్‌కు ఒకట్లు, పదులు, వందల వంటి మెట్లు తప్ప వేరేవి తెలియవు. 1,234ను 1,230 చేయగలదు, 1,200 చేయగలదు. 1,235 చేయమంటే దానివల్ల కాదు. మన అంకెలు పదుల్లో నడుస్తాయి గానీ మన సరుకులు నడవవు. గంటకు అరవై నిమిషాలు, డజనుకు పన్నెండు, గుడ్ల అట్టకు ముప్పై, సిమెంటు బస్తాకు యాభై కిలోలు.

మెట్టు కట్టేది ఎవరు?

బియ్యం సంచినే చూడండి. కొన్నేళ్లుగా మన కొట్లలో 26 కిలోల సంచి కనబడుతోంది. పాతిక ఉండగా ఈ ఇరవయ్యారు ఎక్కడిది? 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద, సంచి 25 కిలోల వరకు ఉంటే, 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటితే పడదు. వ్యాపారులు సంచిలో ఒక్క కిలో పెంచారు. అలా ఒక పన్ను గీత పక్కన కొత్త మెట్టు పుట్టింది. హాస్టల్ వార్డెన్ లెక్కల పట్టికలో ఇప్పుడు గుణిజం 26. రౌండ్ ఫార్ములా దీని ముందు చేతులెత్తేయాల్సిందే.

హాస్టల్‌కు నెలకు 420 కిలోలు కావాలనుకుందాం. 420ని 26తో భాగిస్తే 16.15. ఎంరౌండ్ దీన్ని 16 చేసి, 416 కిలోలు చాలంటుంది. లెక్కగా చూస్తే తప్పేం లేదు, దగ్గరి గుణిజం అదే. నెలాఖరున మాత్రం నాలుగు కిలోల బియ్యం తక్కువ పడతాయి. దగ్గరి గుణిజం పిల్లల కంచంలోకి రాదు. ఇక్కడ కావలసింది ఎప్పుడూ పై మెట్టుకే ఎక్కే ఫార్ములా. దాని పేరు సీలింగ్. =సీలింగ్(420, 26) అంటే 442 వస్తుంది, అంటే పదిహేడు సంచులు.

దీనికి ఎదురు ఫ్లోర్, ఎప్పుడూ కింది మెట్టుకే దిగేది. కోళ్లఫారం వాడి దగ్గర వెయ్యి గుడ్లున్నాయి, అట్టకు ముప్పై. =ఫ్లోర్(1000, 30) అంటే 990. ముప్పైమూడు అట్టలు నిండుతాయి, పది గుడ్లు రేపటికి మిగులుతాయి. పది గుడ్లతో ముప్పైనాలుగో అట్ట నిండిందని చెప్పి అమ్మలేడు. అదే గుడ్లు కొనే వంటమనిషికి రెండు వందలు కావాలంటే ఏడు అట్టలు, అంటే 210 తెచ్చుకోవాలి. సరుకు ఒకటే, మెట్టు ఒకటే. కొనేవాడికి సీలింగ్, అమ్మేవాడికి ఫ్లోర్. ఎవరి పక్షాన కూర్చుని లెక్క వేస్తున్నామో దాన్నిబట్టి ఫార్ములా మారుతుంది.

ఈ నేల, పైకప్పు పేర్లు గణితంలోకి వచ్చింది 1962లో. కెనడాలో పుట్టిన కెన్నెత్ ఐవర్సన్ తన ప్రోగ్రామింగ్ భాషను వివరించిన పుస్తకంలో సంఖ్యకు కింద ఉన్న పూర్ణసంఖ్యను ఫ్లోర్ అని, పైన ఉన్నదాన్ని సీలింగ్ అని పిలిచి, రెండింటికీ విడి గుర్తులు ఇచ్చాడు. అంతకుముందు, 1808 నుంచీ, గణితవేత్త గాస్ వాడిన చతురస్ర కుండలీకరణమే గతి. అది ఒక దిశకే పనికొచ్చేది. స్ప్రెడ్‌షీట్లు ఐవర్సన్ పేర్లనే అరువు తెచ్చుకుని, పూర్ణసంఖ్యల బదులు ఏ గుణిజానికైనా అవే వాడుకున్నాయి.

మెట్టు ఎంత ఉండాలన్నది చాలాసార్లు మన చేతిలో ఉండదు. నాణేలు నిర్ణయిస్తాయి. 2011 జూన్ 30తో మన దేశంలో 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. మెట్టు ఒక్కసారిగా యాభై పైసలకు పెరిగింది. ఆస్ట్రేలియా 1992లో ఒకటి, రెండు సెంట్ల నాణేలను ఉపసంహరించింది. కెనడా 2013 ఫిబ్రవరిలో ఒక సెంటు నాణెం పంపిణీ ఆపేసింది. ఆ రెండు దేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లకు ఇది అలవాటే: నోట్లిస్తే బిల్లు మొత్తం ఐదు సెంట్ల లెక్కకు సర్దుతారు, కార్డు గీస్తే సెంటు తేడా లేకుండా కోస్తారు. మన దగ్గరా యూపీఐతో చెల్లించేవాడికి పన్నెండు పన్నెండే. చిల్లర కొరతకు పుట్టిన సవరింపు, చిల్లరే అక్కర్లేని చోట ఉండాల్సిన పని లేదు.

యంత్రాలకంటే ముందే ఈ ఫార్ములా మన నోట్లో ఉంది. ఊళ్లో పెద్దాయన్ను వయసెంతని అడిగితే "అరవై ఉంటయ్ బిడ్డా" అంటాడు. అరవయ్యొకటీ అనడు, యాభైతొమ్మిదీ అనడు. మన జనాభా లెక్కల్లో సున్నాతోనూ ఐదుతోనూ ముగిసే వయసుల దగ్గర గుట్టలు లేచి ఉండటం జనాభా శాస్త్రజ్ఞులకు పాత సంగతే. దీన్ని కొలవడానికి విపుల్ సూచిక అని ఒకటుంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్యవాళ్లలో ఇలాంటి వయసు చెప్పినవాళ్లు సహజంగా ఉండాల్సినంతే ఉంటే సూచిక 100. అందరూ అలాగే చెబితే 500. ఒక ప్రజ మనసులో ఐదు మెట్టు ఎంత లోతుగా దిగిందో ఆ అంకె చెబుతుంది.

కొసరు ఎటు మొగ్గుతుంది?

ఆర్టీసీ ఎంచుకున్న ఐదులో ఒక చక్కని గుణం దాగి ఉంది. చార్జీ పూర్తి రూపాయల్లో ఉంటే ఐదుతో భాగించినప్పుడు శేషం 0, 1, 2, 3, 4లలో ఒకటి. శేషం 1 అయితే రూపాయి తగ్గుతుంది, 2 అయితే రెండు రూపాయలు తగ్గుతాయి. 3 అయితే రెండు రూపాయలు పెరుగుతాయి, 4 అయితే ఒకటి పెరుగుతుంది. తగ్గింది మూడు, పెరిగింది మూడు. అన్ని శేషాలూ సమానంగా వచ్చే పక్షంలో ఏ పక్షానికీ లాభం లేదు. ఐదు బేసి సంఖ్య కావడం దీనికి కారణం. పూర్తి రూపాయల్లో రెండున్నర అనే చార్జీ ఉండదు కాబట్టి, ఏ చార్జీ కూడా రెండు మెట్లకు నట్టనడుమ పడదు.

మెట్టు పది చేసి చూడండి. ఇప్పుడు శేషం 5 సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. 15 రూపాయలు పదికీ ఇరవైకీ సమాన దూరం. స్ప్రెడ్‌షీట్ అలవాటు ప్రకారం నడుమ పడినది పైకి వెళుతుంది. అప్పుడు 1, 2, 3, 4 శేషాలు కిందికి దిగి మొత్తం పది రూపాయలు తగ్గిస్తాయి. 5, 6, 7, 8, 9 శేషాలు పైకెక్కి 5+4+3+2+1, అంటే పదిహేను రూపాయలు పెంచుతాయి. పది రకాల శేషాల మీద ఐదు రూపాయల మొగ్గు, అంటే ఒక్కో లెక్కకు సగటున అర్ధరూపాయి. చూడటానికి ఏమీ కాదు. లక్ష బిల్లులకు యాభై వేలు.

న్యూజిలాండ్ ఈ తేడాను అనుభవంలో చూసింది. అక్కడ మొదట 1990లో చిన్న నాణేలు పోయి మెట్టు ఐదు సెంట్లయింది. అప్పుడు నడుమ పడే మొత్తం ఏదీ లేదు. 2006లో ఐదు సెంట్ల నాణెం కూడా పోయి మెట్టు పది అయ్యేసరికి, చివర ఐదు వచ్చిన బిల్లుల పంచాయితీ మొదలైంది. పైకా కిందికా అన్నది వ్యాపారులకే వదిలేశారు.

మన ఆదాయపు పన్ను చట్టం ఈ నడుమ సమస్యను దాటిన తీరు ముచ్చటైనది. 1961 చట్టంలోని 288ఏ సెక్షన్ మొత్తం ఆదాయాన్ని పది రూపాయల లెక్కకు సవరించమంది. ముందు పైసలు వదిలేయాలి. తర్వాత చివరి అంకె ఐదు లేదా అంతకంటే ఎక్కువైతే పైకి, లేకపోతే కిందికి. రెండో పనిలో సగటున యాభై పైసలు ఆదాయాన్ని పెంచే మొగ్గు ఉందని ఇప్పుడే చూశాం. మొదటి పనిలో వదిలేసే పైసలు సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా ఏవైనా కావచ్చు, సగటున 49.5 పైసలు. ఒకటి పెంచుతుంది, ఒకటి తగ్గిస్తుంది. చివరికి తేలే మొగ్గు అర పైస. విడివిడిగా చూస్తే రెండూ వంకరే, కలిపి చూస్తే దాదాపు తిన్నన.

శాస్త్రవేత్తలు, కంప్యూటర్ ఇంజనీర్లు ఈ వంకరను ఇంకో దారిలో సరిచేశారు. నడుమ పడినదాన్ని ప్రతిసారీ పైకి తోయకుండా, సరిసంఖ్య ఉన్న వైపుకు పంపుతారు. పది మెట్టు మీద 15 అయితే 20, 25 అయినా 20, 35 అయితే 40, 45 అయినా 40. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. దీన్ని బ్యాంకర్ల పద్ధతి అంటారు. కంప్యూటర్లలో దశాంశాల లెక్కలకు 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం దీన్నే మామూలు పద్ధతిగా పెట్టుకుంది. తమాషా ఏమిటంటే ఎక్సెల్ పట్టికలో 2.5ను రౌండ్ చేస్తే 3 వస్తుంది. అదే ఎక్సెల్‌లో ఉండే వీబీఏ ప్రోగ్రామింగ్ భాషలో రౌండ్ చేస్తే 2 వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు రెండు తూకాలు వాడుతున్నట్టు.

ఇక సగటు గురించి ఒక మాట. సగటున మొగ్గు సున్నా అంటే అందరికీ న్యాయం జరిగిందని కాదు. రోజూ 13 రూపాయల స్టేజీ నుంచి పనికి వెళ్లొచ్చే మనిషికి శేషాలు మారవు. పోను రెండు, రాను రెండు. నెలకు పాతిక రోజులు తిరిగితే వంద రూపాయలు అదనం. పక్క ఊరి స్టేజీ పన్నెండు రూపాయల దూరంలో ఉంటే అక్కడివాడికి నెలకు వంద ఆదా. సంస్థ ఖాతాలో ఈ రెండూ కలిసి సున్నా అవుతాయి. ఆ ఇద్దరి ఖాతాలు మాత్రం ఎప్పటికీ కలవవు.

తొమ్మిదీ రెండుకు వచ్చినవాడు

దిశ ఎంచుకోవడం ఎంత పదునైన పనో హాజరు పట్టికలో తెలుస్తుంది. స్ప్రెడ్‌షీట్‌కు రోజు అంటే ఒకటి, గంట అంటే అందులో ఇరవైనాలుగో వంతు, పావుగంట అంటే తొంభయ్యారో వంతు. కాబట్టి సమయాన్ని కూడా పావుగంట గుణిజాలకు సర్దవచ్చు. ఎంరౌండ్ వాడితే 9:07కు వచ్చినవాడు 9:00కు వచ్చినట్టు, 9:08కి వచ్చినవాడు 9:15కు వచ్చినట్టు లెక్క.

ఇప్పుడు రాక సమయానికి సీలింగ్, పోక సమయానికి ఫ్లోర్ పెట్టిన ఒక ఆఫీసును ఊహించండి. ఉద్యోగి 9:02కు వచ్చాడు, పట్టికలో 9:15 పడింది. సాయంత్రం 6:13కు వెళ్లాడు, పట్టికలో 6:00 పడింది. పని చేసింది తొమ్మిది గంటల పదకొండు నిమిషాలు. జీతానికి లెక్కకొచ్చింది ఎనిమిది గంటల నలభైఐదు నిమిషాలు. ఇరవయ్యారు నిమిషాలు మాయం. రెండు చోట్లా ఎంరౌండ్ పెట్టి ఉంటే 9:00, 6:15 అయి, నాలుగు నిమిషాలు అతనికే కలిసొచ్చేవి. మూడు ఫార్ములాలూ గణితం దృష్టిలో సమానమే. ఏది ఏ గడిలో రాయాలన్నది గణితం చెప్పదు, రాసే మనిషి చెబుతాడు.

దిశ విషయంలో ఇంకో మడత పేచీ సున్నా దిగువన ఉంది. సరుకు వాపసు వస్తే పట్టికలో మైనస్ సంఖ్య పడుతుంది. =ఫ్లోర్(7, 5) అంటే 5. =ఫ్లోర్(-7, 5) అంటే మాత్రం -10, ఎందుకంటే సున్నా దిగువన కింది మెట్టు పది వైపే ఉంటుంది. అమ్మినప్పుడు ఏడుకు ఐదు తీసుకుని, వాపసు వచ్చినప్పుడు ఏడుకు పది ఇచ్చే కొట్టు ఎన్నాళ్లు నడుస్తుంది? ఎంరౌండ్ ఇక్కడ మరీ మొండి. సంఖ్య మైనస్, మెట్టు ప్లస్ అయితే ఎక్సెల్ జవాబే ఇవ్వదు, తప్పు గుర్తు చూపిస్తుంది. ఒకరకంగా అదే మేలు. తప్పు జవాబు చెప్పేదానికంటే నోరు మూసుకునేది నమ్మకస్తుడు. మెట్టుకు కూడా మైనస్ గుర్తు పెడితే దారికొస్తుంది.

పైసల్లో దాగిన దయ్యం

ఇంతవరకు మెట్లు పూర్ణసంఖ్యలు. మెట్టు 0.1 లేదా 0.05 అయితే కథ మారుతుంది. ఇది మైక్రోసాఫ్ట్ తన సహాయపత్రంలో తానే ఒప్పుకున్న సంగతి: 6.05ను 0.1 గుణిజానికి సర్దమంటే ఎంరౌండ్ 6.0 ఇస్తుంది. 7.05ను సర్దమంటే 7.1 ఇస్తుంది. రెండూ నట్టనడుమ పడిన సంఖ్యలే. ఒకటి కిందికి, ఒకటి పైకి. బ్యాంకర్ల పద్ధతి వల్ల అలా వచ్చిందా అంటే కాదు, ఆ లెక్కన రెండూ కిందికే రావాలి.

కంప్యూటర్ సంఖ్యలను రెండింటి ఘాతాల్లో దాచుకుంటుంది: సగం, పావు, అరపావు, అందులో సగం. మూడో వంతును మనం దశాంశాల్లో రాస్తే 0.333 అని ఎక్కడా తెగకుండా సాగినట్టే, పదో వంతును రెండింటి ఘాతాల్లో రాస్తే అదీ తెగదు. ఎక్కడో ఒక చోట కత్తిరించాలి. కాబట్టి కంప్యూటర్‌లో 0.1 ఖచ్చితంగా పదో వంతు కాదు, 6.05 ఖచ్చితంగా 6.05 కాదు. తేడా పదిహేనో దశాంశ స్థానం అవతల ఉంటుంది. మామూలు లెక్కల్లో అది ఎవరికీ పట్టదు. నట్టనడుమ నిలబడ్డ సంఖ్యకు మాత్రం ఆ వెంట్రుకవాసి చాలు, అటు తోయడానికో ఇటు తోయడానికో.

దీనికి మందు సులువు: రూపాయలను పైసలు చేయండి. 6.05ను వందతో గుణించి, వచ్చినదాన్ని ఒకసారి పూర్ణసంఖ్యకు రౌండ్ చేస్తే శుద్ధమైన 605 వస్తుంది. దాన్ని పది గుణిజానికి సర్ది, చివర వందతో భాగిస్తే సరి. పూర్ణసంఖ్యలను కంప్యూటర్ వెంట్రుకవాసి తేడా లేకుండా దాచుకుంటుంది. అణాపైసల కాలం గుమాస్తాలు మొత్తాన్ని పైసల్లోకి దించి లెక్క వేసినట్టే ఇదీను.

ఎప్పుడు సర్దాలి?

మెట్టు, దిశ, నడుమ తేలిపోయాక ఇంకో ప్రశ్న మిగులుతుంది: సవరింపు మధ్యలో చేయాలా, చివర్లో చేయాలా? ఈ ప్రశ్నకు కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఖరీదైన జవాబు కనుక్కుంది. 1982 జనవరిలో అక్కడ ఒక కొత్త సూచీని 1,000 దగ్గర మొదలుపెట్టారు. షేరు చేతులు మారినప్పుడల్లా, రోజుకు దాదాపు మూడు వేల సార్లు, సూచీని తిరగ లెక్కించి మూడు దశాంశాలకు కుదించేవారు. కుదించడం అంటే దగ్గరికి సర్దడం కాదు, మూడో దశాంశం తర్వాత ఉన్నది కోసి పారేయడం. అంటే ప్రతిసారీ ఫ్లోర్.

ఒక్కో కోతలో సగటున పోయేది 0.0005. మూడు వేల సార్లకు రోజుకు ఒకటిన్నర పాయింట్లు. మార్కెట్ బాగానే ఉన్నా సూచీ నెలనెలా కృశించిపోయింది. 1983 నవంబరుకు అది 524.811 దగ్గర ఉంది. తప్పు కనిపెట్టి తిరిగి లెక్కవేస్తే రావలసినది 1098.892. కనబడని ముక్కలు ఇరవై రెండు నెలల్లో సగానికి పైగా మింగేశాయి. కోతను మళ్లీ లెక్కలోకే తిరిగి పంపడం అసలు పొరపాటు. లోపల పూర్తి దశాంశాలు ఉంచుకుని, బోర్డు మీద చూపేటప్పుడు మాత్రమే కుదించి ఉంటే ఏ గొడవా లేదు.

కాబట్టి మొదటి నియమం: సవరింపు చివరి పని. వరస వరసకూ సర్ది కూడటం కంటే, కూడి ఒక్కసారి సర్దడం మేలు. నగదు బిల్లును ఆస్ట్రేలియా, కెనడాల్లో మొత్తం దగ్గరే సర్దుతారు, ఒక్కో సరుకు దగ్గర కాదు. నాలుగు సరుకులు ఒక్కోటి 13 రూపాయలైతే విడివిడిగా ఐదుకు సర్దినప్పుడు అరవై అవుతుంది. కూడితే యాభైరెండు, సర్దితే యాభై. పది రూపాయల తేడా సరుకులో లేదు, ఫార్ములాను ఏ వరసలో రాశామన్నదాంట్లో ఉంది.

ఇందులోనే ఇంకో ఉచ్చు. గడిలో దశాంశాలు కనబడకుండా ఫార్మాట్ మార్చడం సవరించడం కాదు. 2.4 ఉన్న గడి 2 అని కనబడుతుంది, లోపల 2.4గానే ఉంటుంది. అలాంటివి రెండు కూడితే 4.8, అది 5 అని కనబడుతుంది. కాగితం మీద 2, 2 కలిసి 5 అయినట్టు అచ్చవుతుంది. ఆడిటర్ ఎదుట తలవంచుకున్న గుమాస్తాలకు ఇది తెలుసు. సంఖ్యను మార్చాలంటే ఫార్ములా రాయాలి. ముఖానికి పౌడరు రాసినంత మాత్రాన లోపలి మనిషి మారడు.

ఒక్క వరస ఎక్కువ

ఇన్ని చెప్పుకున్నాక ఫార్ములాలను చూసి భయపడాల్సిన పని లేదు. ఆర్టీసీ చేసిన పని చిల్లర గొడవను నిజంగానే తగ్గించగల పని. మూడు మాటలు ముందే తేల్చుకుంటే చాలు. మెట్టును సరుకూ నాణెమూ చెబుతాయి. దిశను అవసరం చెబుతుంది: తక్కువ పడకూడనిది పైకి, మించకూడనిది కిందికి, ఇద్దరికీ సమానం కావలసినది దగ్గరికి. నడుమ పడినదాన్ని ఏం చేయాలో మాత్రం మనుషులే కూర్చుని ఒప్పుకోవాలి, చట్టంలో రాసుకున్నట్టు.

ఆ తర్వాత పట్టికలో ఒక నిలువు వరస అదనంగా పెట్టండి. ఏ వరసలో అసలు, బి వరసలో సర్దినది. సి వరసలో =బి2-ఏ2. పైన పేరు రాయడానికి మాట వెతుక్కోనక్కర్లేదు, కొసరు అని రాయండి. అడుగున దాన్ని కూడండి. సున్నా దగ్గర్లో తేలితే తూకం తిన్నగా ఉన్నట్టు. ఒకవైపే పేరుకుపోతుంటే ఎవరికో వంద రూపాయలు, ఎవరికో ఇరవయ్యారు నిమిషాలు పోతున్నట్టు.

టికెట్ వెనక పెన్నుతో రాసిన ఆ ఎనిమిదితో ఎంత విసుగున్నా, అందులో ఒక నిజాయితీ ఉండేది. బాకీ ఎంతో, ఎవరిదో, ఎవరికో కాగితం మీద కనబడేది. దిగేటప్పుడు అడగడానికి చేతిలో ఆధారం ఉండేది. సి వరస చేసేదీ ఆ పనే.